సమాధుల తోట చుట్టూ గీత గీశాం, లోపల ఏముందో రాయలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను చిత్తూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాను. గొలుసు లాగే రోజుల్లో ఉద్యోగంలో చేరాను, ఉపగ్రహాల సాయంతో చోటు కొలిచే రోవర్ చేతికొచ్చేసరికి బయటికొచ్చాను. ఈ ఉత్తరం మన ఊళ్ల సమాధులను ఒక్కొక్కటిగా కొలిచి పటంలోకి ఎక్కించడం గురించి. పొద్దున్నే పేపరు తెరిచేవాళ్లకు ఈ మాట రుచించకపోవచ్చు, అయినా చివరిదాకా చదవమని అడుగుతున్నాను.

మీ ఊరి ఎఫ్‌ఎంబీ ఎప్పుడైనా చూశారా? కొలతల పుస్తకం అది, ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పేజీ. పొలమైతే ఏ గట్టు ఎన్ని లింకులో రాసి ఉంటుంది (గొలుసంటే 66 అడుగులు, అందులో నూరు లింకులు, పాత కొలతలన్నీ ఆ లెక్కే), బావి ఉంటే బావి గుర్తు, గుడి ఉంటే గుడి గుర్తు. శ్మశానం దగ్గరికొచ్చేసరికి చుట్టూ గీత, మధ్యలో 'శ్మశానం' అని ఒక్క మాట, రిజిస్టర్లో పోరంబోకు. లోపల ఎన్ని సమాధులున్నాయి, ఏ మూలవి పాతవి, ఏ రాయి మీద ఏం రాసి ఉంది, ఒక్క ముక్కా ఉండదు. అలాంటి పేజీలు గీసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. హద్దు రాళ్లు సరిపోయాయో లేదో చూసుకుని పక్క నంబరుకు వెళ్లిపోయేవాళ్లం, ఎందుకంటే మమ్మల్ని అడిగింది అంతవరకే.

పలమనేరు వైపు మా సొంతూళ్లో మా అవ్వ సమాధి రోడ్డు పక్క శ్మశానంలో, చింతచెట్టుకు తూర్పున ఉండేది. సంక్రాంతికి ఇంట్లో పెద్దలకు పెట్టుకున్నాక మా నాయన నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లి, చెంబుతో నీళ్లు పోసి, పసుపు కుంకుమ పెట్టి, కాసేపు ఊరికే కూర్చునేవాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చింతచెట్టు కొట్టేశారు. చెట్టుతోపాటే మా గుర్తూ పోయింది. నేను కబురందుకుని వెళ్లేసరికి మట్టి తోలి చదును చేసేశారు. పని చేయించే ఆయన్ని అడిగితే, "సమాధి ఇక్కడే ఉన్నట్టు కాగితం ఏమైనా ఉందా సార్?" అన్నాడు. ఎఫ్‌ఎంబీ తీయించి చూశాను. చుట్టూ గీత, మధ్యలో శ్మశానం. ఆ పేజీ నేను గీసింది కాదు, కానీ నేను గీసినా అలాగే గీసేవాణ్ణి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది మా ఇంటి బాధ ఒక్కటే అయితే పేపరుకు రాసేవాణ్ణి కాదు. చిత్తూరు, తిరుపతి, మన ఈ రెండు జిల్లాల నేల సమాధులతో నిండిన నేల. చంద్రగిరి నుంచి లోపలికి వెళ్తే మల్లయ్యగారిపల్లె దగ్గర బండ మీద రాతి పలకలతో పేర్చిన గూళ్లున్నాయి, ఊళ్లో వాటిని పాండవుల గుళ్లంటారు. వనవాసంలో పాండవులు తలదాచుకున్నారని కథ. పురావస్తు శాస్త్రం వాళ్లు అవి ఇనుప యుగపు మనుషులు తమవాళ్ల కోసం కట్టుకున్న సమాధులని చెబుతారు. నిలువు పలకలు, పైన కప్పు రాయి, ఒక పలకకు గుండ్రటి రంధ్రం. రెండు వేల ఏళ్లకు పైబడిన పని. కుప్పం వైపు, బంగారుపాళెం వైపు కూడా ఇలాంటివి ఉన్నాయి. 19వ శతాబ్దం మధ్యలో న్యూబోల్డ్ అనే ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి చిత్తూరు ప్రాంతంలోని ఈ రాతి సమాధుల గురించి లండన్ పత్రికకు వ్యాసం రాశాడు. అంటే వీటిని చూసి ఆగి, రాసుకున్నవాళ్లు అప్పుడే ఉన్నారు. కానీ ఆ తర్వాత ఒక్కో గూడునీ విడివిడిగా కొలిచి జిల్లా మొత్తానికి ఒక పటం చేసి ఉంటే, ఇవాళ మామిడి తోట కోసం జేసీబీ పెట్టి చదును చేసేటప్పుడు, గ్రానైట్ కోసం బండ కోసేటప్పుడు, 'ఆగండి, ఇక్కడ ఉంది' అని వేలు పెట్టి చూపించగలిగేవాళ్లం. గూళ్ల రాళ్లు గట్లకూ మెట్లకూ పోయిన చోట్లు నేను కళ్లారా చూశాను.

ఇక చిత్తూరు పట్టణం సంగతి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇది ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. జడ్జీలు, కలెక్టర్లు, వాళ్ల గుమాస్తాలు, సిపాయిలు ఇక్కడ బతికారు, కొందరు ఇక్కడే పోయారు. 1853లో మొదలైన అమెరికన్ ఆర్కాట్ మిషన్‌కు చిత్తూరు ముఖ్యమైన చోటు. 1782 డిసెంబరు 7న హైదర్ అలీ కన్నుమూసింది మన నరసింగరాయనిపేట దగ్గరి శిబిరంలోనే, సమాధి మాత్రం శ్రీరంగపట్నంలో ఉంది. వీళ్లంతా పుస్తకాల్లో ఉన్నవాళ్లు. పుస్తకాల్లో లేనివాళ్లు ఇంకా ఎక్కువ. ఊరి బయట వీరగల్లులు, దర్గాల చుట్టూ గోరీలు, మఠాల వెనక స్వాముల సమాధులు, కూలివాళ్లు తమ బిడ్డ కోసం నిలబెట్టిన చేతెడు రాళ్లు, వాటి గురించి ఏ సర్కారు కచేరీలోనూ ఒక్క వాక్యం లేదు.

1905లో జె.జె. కాటన్ అనే ఐసీఎస్ అధికారి మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోని తెల్లవాళ్ల సమాధుల మీది రాతల్లో చరిత్రకు పనికొచ్చేవాటిని జిల్లాల వారీగా ఒక పెద్ద జాబితాగా అచ్చు వేయించాడు. ఉత్తర ఆర్కాటు కూడా అందులో ఉంది. ఆ పని మీద నాకు చాలా గౌరవం. కానీ ఒక సర్వేయరుగా చూస్తే అందులో పెద్ద లోటు కనబడుతుంది. రాత ఉంది, చోటు లేదు. ఈ రాయి ఆ ఆవరణలో ఎక్కడ, దాని పక్కన ఎవరు, తల ఏ దిక్కు, ఇవేవీ తెలియవు. రాయి పగిలితే ఆ మనిషి పేరు పుస్తకంలో మిగులుతుంది, ఆయన్ని పూడ్చిన నేల ఎవరికీ దొరకదు. అలా అని తెల్లవాళ్లకు మాత్రం ఆ జాబితా అయినా ఉంది, దక్షిణాసియాలోని ఐరోపావాళ్ల సమాధుల కోసం 1976 నుంచి లండన్‌లో ఒక సంఘమే పనిచేస్తోంది. మన తెలుగు రాతలున్న సమాధులకు, ఉర్దూ, తమిళ రాతలున్న వాటికి, అసలు రాతే లేనివాటికి ఏముంది?

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ పనికి కావలసిన సాధనాలు ఇదివరకు లేవు, ఇప్పుడు మన చేతిలో ఉన్నాయి. చాలామంది పిల్లలు నాతో, "అంకుల్, ఫోన్‌లో లొకేషన్ కొడితే అయిపోతుంది కదా" అంటారు. అయిపోదు. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్ల తేడా చూపిస్తుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. పొలానికి దారి వెతుక్కోవడానికి అది చాలు. సమాధుల తోటలో రాయికీ రాయికీ మధ్య ఒక్క మీటరు కూడా ఉండదు, ఐదు మీటర్ల తేడా అంటే ఐదుగురు మనుషులు తారుమారవుతారు. అదే రోవర్ అయితే, దూరంలో స్థిరంగా నిలబెట్టిన కేంద్రం నుంచి సవరణలు అందుకుంటూ, రెండు మూడు సెంటీమీటర్ల లోపల పాయింటు ఇస్తుంది. ఒక్కో సమాధికి నాలుగు మూలలూ పెట్టినా నిమిషం పట్టదు.

ఆ తర్వాత డ్రోన్. ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసలుగా ఎగురుతూ, ఒక ఫొటోలో ఉన్నదే పక్క ఫొటోలో డెబ్బై ఎనభై శాతం వచ్చేలా తీస్తే, కంప్యూటర్ ఆ ఫొటోలను కుట్టి కొలతలకు పనికొచ్చే ఒకే బొమ్మ చేస్తుంది, ఎత్తుపల్లాలతో సహా. నేల మీద ముందుగా గుర్తులు పెట్టి వాటిని రోవర్‌తో కొలిస్తేనే ఆ బొమ్మ సరైన చోట కూర్చుంటుంది, లేకపోతే చూడటానికి బాగుంటుంది, కొలవడానికి పనికిరాదు. కూలిపోయి మట్టిలో కలిసిన సమాధి కూడా పైనుంచి చూస్తే చిన్న దిబ్బగానో గుంటగానో తెలుస్తుంది. ముఖ్యంగా పొద్దు వాలేటప్పుడు, నీడలు పొడుగ్గా పడే వేళ. రేణిగుంట విమానాశ్రయం దగ్గర్లో అయితే అనుమతి లేకుండా ఎగరేయకూడదు, అది గుర్తుంచుకోవాలి. మన శ్మశానాల్లో వేపలు, చింతలు, కానుగలు ఉంటాయి కాబట్టి డ్రోన్‌కు సగం చోటు కనబడదు. అక్కడ టేపు పట్టుకోవాల్సిందే. రెండు స్థిరమైన రాళ్ల నుంచి రెండు కొలతలు తీస్తే పాయింటు దొరుకుతుంది, ఆ లెక్క మా తాతల కాలం నుంచీ ఉన్నదే. ఇంగ్లండ్‌లో చర్చి ఆవరణల్లో లేజర్ స్కానర్‌ను వీపుకు తగిలించుకుని నడుస్తూ సమాధులన్నిటినీ కొలుస్తున్నారు, చెట్ల కింద కూడా. మనకు అంత ఖరీదైనది రాకపోయినా పని ఆగదు.

నేల లోపల చూసే రాడార్ గురించి కూడా అడుగుతుంటారు. తిరుపతి దగ్గరి గాదంకిలో పైకి చూసే రాడార్ ఉంది కదా, ఆకాశంలోకి తరంగాలు పంపి గాలి కదలికలను తెలుసుకుంటుంది. ఇది అదే పద్ధతిలో కిందికి చూస్తుంది, బండిలా తోసుకుంటూ వెళ్లాలి. కానీ అది ఎముకలను చూపదు. ఒకప్పుడు తవ్వి పూడ్చిన మట్టికీ చుట్టూ కదలని మట్టికీ ఉన్న తేడాను చూపుతుంది, దాన్ని బట్టి గొయ్యి ఉండొచ్చని మనం అనుకోవాలి. తడి బంకమట్టిలో తరంగం ఎక్కువ లోతుకు పోదు, మన దగ్గరలాగా గుండ్లు కలిసిన నేలలో తెరంతా గీతలే. తెలిసినవాళ్లు చదవాలి, చదివాక కూడా 'ఉండొచ్చు' అనే రాయాలి.

కొలవడం సగం పని. ఆ పాయింటుకు ఏం రాస్తామన్నది మిగతా సగం, నాకు బాగా ఇష్టమైనదీ అదే. మా వాడకట్టు కుర్రాళ్లు నలుగురు, నేనూ కలిసి, పెద్దల అనుమతి అడిగి, ఒక పాత సమాధుల తోటలో రెండు ఆదివారాలు కూర్చున్నాం. నూరుకు పైగా సమాధులు. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఫోన్‌లో వాడే దాని తమ్ముడు క్యూఫీల్డ్ కూడా ఉచితమే. ఒక్కో సమాధికి నంబరు, పొడవు, వెడల్పు, తల దిక్కు, రాయా ఇటుకా సిమెంటా, రాత ఏ భాషలో, చదవగలిగిన సంవత్సరం, ఎంత శిథిలమైంది, నాలుగు ఫొటోలు. రాత అరిగిపోయి ఏమీ కనబడకపోతే సాయంత్రం చీకటి పడ్డాక టార్చి లైటు పక్కనుంచి వాలుగా వేస్తే అక్షరాలు లేస్తాయి. ఆ మొదటి రాయి మీద అక్షరాలు లేచినప్పుడు కుర్రాళ్లు గట్టిగా కేక పెట్టారు. 'ప్రియ కుమార్తె' అని ఉంది, కింద సంవత్సరం అంకెలు సగమే మిగిలాయి.

దిక్కు రాయడం ఎందుకంటారా? ముస్లింలది తల ఉత్తరానికి పెట్టి ముఖం పడమటికి తిప్పుతారు, కాబట్టి గోరీ ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. క్రైస్తవులది సాధారణంగా తూర్పు పడమరలు. లింగాయతులు కూర్చోబెట్టి పూడుస్తారు, అందుకే చోటు పొట్టిగా, చదరంగా ఉంటుంది. ఈ మూడోది తెలియకపోతే పొట్టి సమాధి కనబడగానే పిల్లలదని రాసేస్తాం, మా కుర్రాడు ఒకడు అలాగే రాయబోతే ఆ తోటకు కాపలా ఉండే పెద్దాయన ఆపాడు. "సామీ, అది బిడ్డది కాదు, అయ్యగారిది" అన్నాడు. ఏ డ్రోనూ ఆ మాట చెప్పదు. అందుకే కొలిచేటప్పుడు ఊరి పెద్దవాళ్లు పక్కన ఉండాలి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రికార్డు చేసుకోవాలి. వాళ్లు పోతే చింతచెట్టు పోయినట్టే.

ఇవన్నీ పటం మీద రంగులేసి చూసుకుంటే చరిత్ర వేరేగా కనబడుతుంది. రాతల మీది ఏళ్లను వరసపెడితే ఏ ఏడాదిలో ఎక్కువమంది పోయారో తెలుస్తుంది. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని కబళించిన కరువులో ఉత్తర ఆర్కాటు కూడా బాగా దెబ్బతింది, 1918లో ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లనే ఊడ్చింది. ఆ ఏళ్లలో సమాధులు ఏ మూల, ఎంత దగ్గర దగ్గరగా, ఎంత హడావిడిగా లేచాయో చూడాలంటే పటం తప్ప దారి లేదు. రాళ్లు లేని ఖాళీ స్థలం కూడా ఒక సమాచారమే. రాయి పెట్టించే స్తోమత లేనివాళ్లు అక్కడ ఉండి ఉండొచ్చు. గోడకు లోపల ఎవరు, బయట ఎవరు, తమిళ రాతలు ఎప్పుడు తగ్గి తెలుగు రాతలు ఎప్పుడు పెరిగాయి, ఇలాంటివి అడిగితే జవాబు చెప్పే పటాలు మనకు కావాలి. మచిలీపట్నంలో, భీమిలిలో, మన పక్కనే పులికాట్‌లో డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి జనం వెళ్లి చూస్తున్నారు కదా, వాటి మీద చెక్కిన బొమ్మలను ఫొటోలు తీసుకుంటున్నారు కదా. మన సుడుగాడు (శ్మశానం) కూడా అంత చదవదగ్గదే.

ఎవరు చేయాలి అన్న దగ్గర నా మాట సూటిగా చెబుతాను. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు మండలాలకు వచ్చాయి, ఊరూరా కొత్త పటాలు తయారవుతున్నాయి. వందేళ్లకు పైగా ఆగి ఇప్పుడు కొలుస్తున్నాం, మళ్లీ ఎప్పటికి కొలుస్తామో తెలియదు. ఈ కొత్త పటంలో కూడా శ్మశానం దగ్గర చుట్టూ గీత, మధ్యలో ఖాళీ పెట్టి వెళ్లిపోతే మా తరం చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. రోవర్ ఎలాగూ ఆ హద్దు రాళ్ల దాకా వస్తోంది. ఇంకొక్క పూట లోపలికి నడిస్తే చాలు. ఆ పూటకు సర్వేయరు మీదే భారం వేయమని నేను అడగను, వాళ్ల టెన్షన్ ఏమిటో నాకు తెలుసు, రోజుకు ఇన్ని ఎకరాలని లెక్క ఉంటుంది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాఖ ఉంది. ఏర్పేడులోని తిరుపతి ఐఐటీలో స్థాన నిర్ధారణ, కచ్చితత్వం మీదే పనిచేసే ప్రత్యేక కేంద్రం ఉంది. ఇద్దరూ ఒకరికొకరు దగ్గర్లోనే ఉన్నారు. పిల్లలు సెలవుల్లో ఒక్కో మండలం పంచుకున్నా జిల్లాలో ఏముందో ఒక రూపు వస్తుంది. 2021లో కేంద్రం పటాలు తయారుచేయడం మీద ఉన్న ఆంక్షలు చాలావరకు సడలించింది కాబట్టి, ఇదివరకులా ప్రతిదానికీ అనుమతి కాగితం కోసం తిరగాల్సిన పని కూడా లేదు.

రక్షిత కట్టడాలుగా ప్రకటించినవాటికి 1958 చట్టం ఉంది, చుట్టూ వంద మీటర్లలో కట్టడాలు నిషేధం. ప్రకటించనివాటికి ఏమీ లేదు, మన సమాధుల్లో దాదాపు అన్నీ ఈ రెండో రకమే.

ఒక భయం మాత్రం ఉంది, దాచను. పాండవుల గుళ్ల కచ్చితమైన పాయింట్లు అందరికీ కనబడేలా పెడితే మొదట చూసేది గుప్తనిధుల వేటగాళ్లు. అమావాస్య రాత్రి గునపాలతో దిగి, నిధి లేదని రాళ్లు పగలగొట్టి పోయే మనుషులు మన వైపు ఎంతమందో మీ పేపర్లోనే చదువుతుంటాం. కాబట్టి పటం రెండు పొరలుగా ఉండాలి. జనానికి చూపేదాంట్లో ఊరు పేరు, ఫొటోలు, కథ ఉంటే చాలు. సెంటీమీటర్ల లెక్క ఉన్న పొర పురావస్తు శాఖ దగ్గర, విశ్వవిద్యాలయం దగ్గర, ఆ ఊరి పంచాయతీ దగ్గర ఉండాలి. పంచాయతీని ఎందుకు కలుపుతున్నానంటే, తన ఊరి సమాధుల పటం తన దగ్గరే లేకపోతే జేసీబీ వచ్చిన రోజు ఆ ఊరు ఎవరికి ఫోన్ చేయాలి? ఇంకో మాట, ఏ కులం వాళ్ల శ్మశానమైనా, ఏ మతం వాళ్లదైనా, వాళ్ల పెద్దలతో కూర్చుని, ఏం కొలుస్తున్నామో ఎందుకు కొలుస్తున్నామో చెప్పి, వాళ్లు సరేనన్నాకే గేటు దాటాలి. శ్మశానాల స్థలాల మీద గొడవలున్న ఊళ్లు చాలా ఉన్నాయి. పటం ఎవరి చేతికి పోతుందోనని వాళ్లు భయపడటంలో తప్పు లేదు.

నవంబరు 2 వస్తోందంటే క్రైస్తవ కుటుంబాలు సమాధులను కడిగి, సున్నం కొట్టి, పూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తాయి. చిత్తూరులో ఆ సాయంత్రం ఎంత బాగుంటుందో చూసినవాళ్లకు తెలుసు. వాళ్లకు నాదొక మనవి. సున్నం పొర మీద పొరగా అక్షరాల్లో నిండిపోయి పాత రాతలు కనబడకుండా పోతున్నాయి. ఆ బకెట్ కలిపే ముందు, ఉదయం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, రాతకు ఎదురుగా నిలబడి ఒక ఫొటో, రెండు పక్కల సమాధులూ వచ్చేలా వెనక్కి జరిగి ఇంకో ఫొటో తీసి పెట్టుకోండి. రాతను ఇనుప బ్రష్‌తో గీకొద్దు, యాసిడ్ పోయొద్దు, మెత్తని గుడ్డా నీళ్లూ చాలు. గేటు నుంచి మీవాళ్ల సమాధికి ఎన్ని అడుగులో, గోడ నుంచి ఎన్ని అడుగులో టేపుతో కొలిచి, ఆ రెండు అంకెలూ ఇంటి బైబిల్ మొదటి పేజీలో రాసుకోండి. షబే బరాత్ రాత్రి గోరీల దగ్గరికి వెళ్లేవాళ్లు, సంక్రాంతికి పెద్దలను తలచుకునేవాళ్లు కూడా ఇదే చేయొచ్చు. టేపు లేకపోతే నా దగ్గర ముప్పై మీటర్లది ఒకటుంది. ఏ ఆదివారం రమ్మన్నా వస్తాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ సర్వేయరు
గ్రీమ్స్‌పేట, చిత్తూరు